రెండు కవర్లలో వెళ్లబోయిన మందులు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, చెరకు క్రషింగ్ జోరుగా సాగుతున్న రోజులు. చోడవరంలో నేను మందుల షాపు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. మా దగ్గర మందులు వాడేవాళ్లలో సగం మంది ముఖాలు నేనెరగను. రోలుగుంట వైపు ఊళ్లవాళ్లు కోతలు వదిలి రాలేక, ఆటో అప్పారావు చేతికి చీటీయో ఖాళీ స్ట్రిప్పో ఇచ్చి పంపేస్తారు. అతను అవన్నీ జేబులోంచి తీసి కౌంటర్ మీద పోస్తాడు. నేను దేనికది విడిగా కవర్లో వేసి ఇస్తే, ఎవరిదేదో అతనికే తెలుసు. ఈ పనిలో నాకు తిరుగులేదని అప్పట్లో మహా ధీమా.

ఆ రోజు వచ్చినవాటిలో వార్ఫరిన్ ఖాళీ స్ట్రిప్పు ఒకటుంది. గుండెలో కృత్రిమ వాల్వు వేసినవాళ్లు, రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకునే మాత్ర అది. ఇంకోటి పళ్ల డాక్టరు చీటీ. పన్ను తీసేలోగా చిగుళ్ల వాపు తగ్గడానికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. రెండు కవర్లు తీశాను.

"రెండెందుకు బాబూ? అవి రెండూ నారాయణమ్మవే. ఒకదాన్లోనే ఎట్టీండి," అన్నాడు అప్పారావు.

నా చెయ్యి ఆగిపోయింది. మెట్రోనిడజోల్ తోడైతే వార్ఫరిన్ ప్రభావం బాగా పెరిగిపోతుంది. చిగుళ్లలోంచో కడుపులోనో రక్తం కారడం మొదలైతే ఆగదు. తలలో కారితే మనిషే దక్కకపోవచ్చు. వెంటనే అప్పారావు ఫోన్లోనే ఆమెతో మాట్లాడాను.

"గుండె ఆపరేషన్ సంగతి పళ్ల డాక్టరుకి చెప్పావా అమ్మా?"

"నేదు బాబూ. అడిగేరు గానీ, ఏటీ నేదన్నాను. సెప్తే పన్ను ముట్టుకోరట, విశాపట్నం ఎల్లమంటారట. కోతలొగ్గేసి నానెలా ఎల్తాను?"

ఒళ్లు మండిపోయింది. "రక్తం ఆగకపోతే నువ్వే ఉండవమ్మా!" అని కసిరాను.

"మరిప్పుడేటి సెయ్యమంటారు బాబూ?" అంది చిన్న గొంతుతో. కసిరినందుకు నాకే బాధేసింది.

వార్ఫరిన్ మాత్రం సొంతంగా ఆపొద్దని చెప్పి, పళ్ల డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన కంగారుపడి గుండె డాక్టరుతో మాట్లాడారు, యాంటీబయాటిక్ మార్చారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష కూడా చేయించారు. పన్ను ఆ తర్వాతే తీశారు.

పది రోజులకి నారాయణమ్మ షాపుకొచ్చి నాకు దణ్ణం పెట్టింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఇప్పుడు ఏ చీటీ వచ్చినా, ఆ మనిషితో ఫోన్లో మాట్లాడి ఇంకేం మందులు వాడుతున్నారో అడగనిదే ఇవ్వను. అప్పారావు ఆలస్యమవుతోందని విసుక్కుంటాడు, విసుక్కోనీ. ఆ రోజు అతను నోరు విప్పాడు కాబట్టి సరిపోయింది. అంతకుముందు పద్దెనిమిదేళ్లలో ఇలాంటి జతలు ఎన్నింటిని విడివిడి కవర్లలో పంపేశానో, ఏ ఇంట్లో ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.