సున్నం పెట్టి వెతికిన ముడుపు రూపాయి

1989 వానాకాలం. నాచారం పారిశ్రామికవాడ రోడ్డు మీద నాదొక చిన్న యాక్రిలిక్ షాపు. యాక్రిలిక్ అంటే గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్ షీటు. ఇళ్ళకు నేమ్‌ప్లేట్లు, డాక్టర్లకు బోర్డులు, ఫ్యాక్టరీ మిషన్లకు మూతలు, ఇవే నా పనులు. పనిలో నా చెయ్యి వణకదు గానీ మనుషుల ముందు నేను ఉత్త పిరికివాణ్ణి. ఆర్డరు ఇచ్చినవాడు వచ్చి వస్తువు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. అలాంటివాడి నెత్తిన సుదర్శనం సార్ నాణేల పని వచ్చి పడింది.

సార్ ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగి. సొంతూరు భువనగిరి పక్కన. నిజాం నాణేలు పోగుచేయడం ఆయన పిచ్చి, అందులోనూ చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయలంటే ప్రాణం. చూడ్డానికి అవన్నీ ఒక్కలాగే ఉంటాయి. అచ్చువేసిన సంవత్సరమే తేడా, అదీ ఉర్దూ అంకెల్లో. ఒకటి కాగితం పొట్లంలో, ఒకటి అగ్గిపెట్టెలో, ఇంకొకటి మాత్రల సీసాలో తెచ్చి అన్నీ నా బల్ల మీద పరిచాడు.

"మల్లేశం, గిట్ల సూస్తే సంతల చిల్లర లెక్కనే ఉన్నయి. అన్నిటికి ఒక్క తీరు డబ్బీలు కావాలె. చార్మినార్లన్ని నిటారుగ నిలబడాలె. ఒక్కటి జర వంకరున్నా కన్ను గాడికే పోతది" అన్నాడు.

ఆ డబ్బీ మూడు ముక్కల పని. నడిమి ముక్కలో నాణెం సరిగ్గా పట్టేంత గుండ్రటి రంధ్రం కోస్తాం. దాన్ని స్పేసర్ అంటాం. కిందొకటి, పైనొకటి పల్చటి ముక్కలు పెట్టి అంచు వెంట క్లోరోఫామ్ చుక్క పారిస్తే యాక్రిలిక్ కరిగి మూడూ ఒక్కటైపోతాయి. దుమ్ము చేరదు, చెయ్యి తగలదు. మళ్ళీ తీయాలంటే మాత్రం పగలగొట్టాల్సిందే. ఆ మాట ముందే చెప్పాను.

"తీసుడెందుకయ్యా? ఇగ అవి అండ్లనే ఉంటయి" అని నవ్వాడు.

ఆ డబ్బీలన్నీ బిగించే బోర్డు మీద వరుసగా పన్నెండు రూపాయలు రావాలి. ఒక సంవత్సరానిది దొరకలేదు. ఆ ఖాళీ చూసినప్పుడల్లా పన్ను ఊడిన నోరులా ఉందని ఆయన బాధపడేవాడు. నెల తర్వాత ఒకరోజు ఆ పన్నెండోది తెచ్చాడు. సబ్బుతో కడిగినట్టు తళతళలాడుతోంది. మామూలుగా ఏ నాణెం ఎక్కడ దొరికిందో అరగంట చెప్పే మనిషి, "ఎక్కడ దొరికింది సార్?" అంటే, "దొరికింది తీ" అని స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు. నాకు కాస్త వింతగానే అనిపించింది గానీ పెద్దమనిషిని గుచ్చి అడగడానికి నేనెవణ్ణి?

ఆ ఆదివారం నాణేలు పోగుచేసేవాళ్ళ ప్రదర్శన. బోర్డు సిద్ధం చేసి గుడ్డ కప్పి పెట్టాను. గురువారం మధ్యాహ్నం కుండపోత వానలో షాపు ముందు ఆటో ఆగింది. దిగింది సార్ భార్య అనసూయమ్మ. తల తడిసి ముద్దైంది, కాళ్ళకు చెప్పులు లేవు.

"తమ్మీ, బోర్డు ఉన్నదా? తీస్కపోలేదు గదా?"

"ఉన్నదక్కా. ఏమైంది?"

ఆమె స్టూలు మీద కూలబడింది. "నిన్న ఆఫీసుల పడిపోయిండు. గుండె. రేపు పొద్దుగాల ఆపరేషనంట. లోపటికి తీస్కపోయే ముంగట నా చెయ్యి పట్టుకున్నడు. ముడుపు రూపాయి నేనే తీసిన, మల్లేశం బోర్డుల ఉన్నది, అన్నడు. ఏ రూపాయో చెప్పకముందే తలుపేసిన్రు. ఇగ ఎవ్వరినీ పోనిస్తలేరు."

ఆమె మాటల్లో కొంత, తర్వాత సార్ నోట కొంత నాకు తెలిసిన విషయం ఇదీ. కిందటేడు సార్‌కు మొదటిసారి గుండెనొప్పి వచ్చినప్పుడు ఆమె తన తల్లి ఇచ్చిన వెండి రూపాయిని పసుపు బట్టలో కట్టి యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంది. మనిషి లేచి తిరిగాడు. గుట్టకు పోదాం పోదాం అంటూనే ఏడాది గడిపేశారు. ఆ మూటలో ఉన్నది తన వరుసకు తక్కువైన సంవత్సరమని సార్ కనిపెట్టాడు. దాన్ని తీసి, తన దగ్గర రెండున్న సంవత్సరానిది ఒకటి అందులో కట్టేశాడు. రూపాయికి రూపాయి పెట్టాను కదా అనుకున్నాడు.

"దేవుని సొమ్ము మార్చినం తమ్మీ. మొక్కు తీర్చకపోతిమి, మీదికెల్లి దొంగతనం. గందుకే మల్ల పడ్డడు. ఆ రూపాయి నా కొంగుల లేకుంటే రేపు ఆయనను ఆ బల్ల మీద ఎట్ల సూడాలె?"

బోర్డు మీద గుడ్డ తీశాను. పన్నెండు డబ్బీలు, పన్నెండు చార్మినార్లు, అన్నీ నిటారుగా. ఏ వంకా లేకుండా చేశానని పొద్దున్నే మురిసిపోయిన పని నా మొహానే కొట్టినట్టయింది. పన్నెండోది తెచ్చిన మర్నాడు సార్ వచ్చి, డబ్బీలు మూసేముందు మిగతావాటినీ దానిలాగే తళతళలాడేలా కడిగి, సంవత్సరాల వరుసలో అన్నిటినీ మార్చి పేర్చాడు. ఏది ఎక్కడికి పోయిందో ఆయనకే తెలియాలి.

"అక్కా, ఇవి పలగ్గొడితె సార్ లేచినంక నన్ను సంపుతడు."

"ముందుగాల లేవనీ తమ్మీ. సంపితె సంపనీ."

కట్టర్ తీసి మొదటి డబ్బీ అతుకు వెంట గీత పెట్టాను. కొన జారితే వెండి మీద గాటు పడుతుంది. ఊపిరి బిగబట్టి విరిచాను. రూపాయి చేతిలోకి తీసుకుని ఆమె అటూ ఇటూ తిప్పింది. గుర్తుపట్టలేకపోయింది. రెండోదీ అంతే. ఉన్నట్టుండి ఆమె కళ్ళు నా జేబు మీద పడ్డాయి. నాకు పాన్ నమిలే అలవాటు.

"నీ సున్నం డబ్బి ఇటియ్యి. పసుపుకు సున్నం తగిల్తె ఎర్రగైతది గదా, పారాణి లెక్క. ఆయన ఎంత సబ్బు పెట్టి కడిగినా అంచు గీతలల్ల పసుపు యాడికి పోతది?"

నిజమే. రూపాయి అంచుకు సన్నటి గీతలుంటాయి. వేలి కొసతో తడి సున్నం రాసింది. మొదటిది తెల్లగానే ఉంది. రెండోదీ, మూడోదీ తెల్లగానే. నేను విరుస్తున్నాను, ఆమె రాసి వరుసగా బల్ల మీద పెడుతోంది. బయట వాన హోరు, లోపల ఫట్ ఫట్‌మని నా పని నేనే విరుచుకునే చప్పుడు. అయిదోదాని అంచున సన్నగా ఎరుపు పాకింది.

"దొరికింది! నా తల్లే, దొరికింది!" అని ఆమె దాన్ని కళ్ళకద్దుకుని భోరుమంది. నా కళ్ళూ తడిశాయి. అప్పటికే నేను విరిచిపెట్టిన ఆరోదానికి కూడా ఆమె సున్నం రాసి ఉంది. బల్ల తుడుద్దామని దాన్ని పక్కకు జరపబోయాను. దాని అంచూ ఎర్రబడుతోంది.

నోట్లో పాన్ చేదెక్కింది. చెప్పకుండా ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. ఊరుకుంటే రేపు జరగరానిది జరిగితే? చూపించాను. ఆమె ఏడుపు ఠక్కున ఆగిపోయింది. మిగతావన్నీ విరిచాం. పన్నెండింటిలో అయిదు ఎర్రబడ్డాయి.

సార్ వాటిని కొన్నది సంతల్లో, వెండి కొట్ల దగ్గర. అంతకుముందు అవి ఎవరి దేవుడి గూట్లో ఉన్నాయో, ఎవరి కొంగున ఉన్నాయో ఎవరికి తెలుసు?

"ఏ తల్లి ఎవరి కోసం మొక్కుకున్నదో" అంది ఆమె. చీర కొంగు చింపి, నా దగ్గర పసుపు లేకపోతే పక్కన కిరాణా కొట్టు నుంచి తెప్పించి, బట్టకు రాసి, అయిదింటినీ కలిపి కట్టింది. "సార్ లేచినంక అడిగి, మీదేదో అదొక్కటే దేవునికియ్యున్రి అక్కా" అన్నాను. ఆమె తలూపి ఆటో ఎక్కింది.

మర్నాడు నేను పని ముట్టలేదు. పక్క షాపులో ఫోన్ మోగినప్పుడల్లా లేచి నిలబడ్డాను. సాయంత్రం వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, ఆపరేషన్ అయిందని, నాన్న కళ్ళు తెరిచాడని చెప్పాడు. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

రెండు నెలలకు సార్ వచ్చాడు. సగమైపోయాడు. బోర్డు తెచ్చి ముందు పెట్టాను. మిగిలిన ఏడింటికి కొత్త డబ్బీలు చేశాను, మధ్య మధ్య అయిదు ఖాళీలు. తిడతాడని తల వంచుకుని నిలబడ్డాను.

"నిన్న గుట్టకు పోయొచ్చినం. అయిదు హుండీల ఏసినం" అన్నాడు.

"మీదేదో మీకు ఎరుకనే గదా సార్. చెప్తే నాలుగు మిగిలేవి."

"ఎరుకనే. మూట ఇప్పి నా ముంగట పెట్టి, ఏది అని అడిగింది. చెప్ప మనసు రాలే మల్లేశం. దవాఖానల నా పక్క మంచం మీది పిలగాని దిండు కింద వాళ్ళమ్మ గసొంటి మూటనే పెట్టింది." ఖాళీల మీద వేలు పెట్టాడు. "వీటికి గూడ డబ్బీలు చెయ్యి. ఖాళీయే గదా అని ఎట్లపడితె అట్ల చెయ్యకు. అన్నీ ఒక్క తీరుగ ఉండాలె."

చేశాను. నా చేతి పనిలో అంత శ్రద్ధగా చేసినవి మరి లేవు. తర్వాతి ప్రదర్శనలో జనం ఆ అయిదింటి దగ్గరే ఆగి అడిగారట. "గుట్టకు పోయినయి" అని చెప్పాడట సార్.

అప్పటినుంచి నాణేల డబ్బీలు అతికించడం మానేశాను. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు పెడతాను. అందం తగ్గిందని కొందరు సణుగుతారు. సణగనీ. ఒక మాట కూడా అడగడం నేర్చుకున్నాను, ఎంత పెద్దమనిషైనా సరే: "ఇది తెచ్చేముందు ఇంట్ల అడిగిన్రా సార్?"