తెల్ల తొడుగులు

మనుమరాలు స్కూటర్ దిగి చేతి తొడుగులు మంచం మీద పడేసింది. ఆయన మళ్లా యాదికొచ్చిండు. ఎన్నిసార్లని యాది చేసుకోవాలె?

కాలువ నీళ్లొచ్చిన కొత్తల, చెరుకు పండిస్తానని కృష్ణా జిల్లా నుంచి ఒక పెద్దమనిషి మా బోధన్ దిక్కు వచ్చిండు. ఇస్త్రీ ధోతి, తెల్ల తొడుగులతోనే చెరుకు కొట్టేటోడు. డిచ్‌పల్లి కుష్ఠు దవాఖాన కాడ చేతులకు గుడ్డలు చుట్టుకున్నోళ్లను చూసిన నేను, “అవ్వా, ఆయనకు పెద్దరోగం ఉన్నది” అన్న. అవ్వ కూలోళ్లకు చెప్పింది. తెల్లారి నుంచి ఆయన చేన్లకు ఎవ్వరూ పోలే. చెరుకు నిలబడ్డకాడనే ఎండింది.

ఊరిడిసి పోయేనాడు ఆయన మా వాకిట్ల ఆగిండు. “కాసిని మంచినీళ్లిప్పిస్తారా అమ్మా?” తొడుగులు విప్పి దోసిలి పట్టిండు. అవ్వ మొఖం తిప్పుకొని పైనుంచి పోసింది.

నేను చూసిన. కొడవలి పట్టి పట్టి మా బాపు చేతులకు లేసే బొబ్బలే అవి.

చెప్తే అవ్వ కొడ్తదని ఊకున్న.