ఏడాది తిరక్కుండా మారేడుమిల్లి

నాన్న పోయాక అమ్మ మాట్లాడటం తగ్గించింది. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందనేది, నేను ఉప్పు వేయడం మర్చిపోయిన రోజున కూడా. అంతకుముందు మా ఇంట్లో వాదన లేకుండా పొద్దు గడిచేది కాదు. అమ్మకి వాదించడం ఇష్టం. కొబ్బరి దింపు తీసే అతనితో, కేబుల్ డబ్బులకి వచ్చే అతనితో, అందరికన్నా ఎక్కువగా నాన్నతో వాదించేది. నాన్నతో వాదించడానికి కారణం కూడా అక్కర్లేదు. ఇప్పుడు ఎవరేమన్నా "పోనీలే" అంటోంది. ఆ మాట అమ్మ నోటినుంచి నేనెప్పుడూ వినలేదు. నాకు భయం వేసింది.

ఆ రోజుల్లో టీవీలో ఎప్పుడు పెట్టినా సినిమా పాటలే. ఒక మధ్యాహ్నం ఏదో పాటలో కథానాయిక కొండవాగు మధ్యన బండరాయి మీద కూర్చుని కాళ్ళతో నీళ్ళు చిమ్ముతోంది. చుట్టూ అడవి. అమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది.

"ఇది మారేడుమిల్లి. ఇంత దగ్గరుండి ఒక్కసారీ చూళ్ళేదు," అంది.

నాన్న పోయాక ఆమె తనంత తానుగా అన్న మొదటి మాట అది. నేను చదువుతున్న పుస్తకం మూసేశాను. వెళ్దామా అని అడిగాను. మర్నాడు అమ్మ ఒక నేతచీర ఇస్త్రీకి పంపించింది.

ఇక మిగిలింది అత్తయ్య అనుమతి. అత్తయ్య నాన్నకి అక్క. పెద్దాపురం నుంచి కర్మకాండలకి వచ్చి, మాకు ఆచారాలు తెలియవన్న అనుమానంతో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ అనుమానం నిజమే. ఏడాది తిరిగేదాకా చేయకూడనివన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. పండగ చేసుకోకూడదు, గడపకి తోరణం కట్టకూడదు, గుడికి వెళ్ళకూడదు, కొండ ఎక్కకూడదు. తమ్ముడు పోయినందుకు ఆవిడ అందరిముందూ ఏడవలేదు. నియమాలు పాటించింది. నేను దుఃఖం గురించి కాసిని పుస్తకాలు చదివాను. వాటిలో అత్తయ్యల గురించి ఒక్క ముక్క లేదు.

భయపడుతూనే అడిగాను. ఆవిడ ఆలోచించి, "అడివికేగా? అడివికి దోషమేం లేదు. దశరథుడు పోయిన ఏడు రాముడెక్కడున్నాడు? అడివిలోనేగా," అంది. తరవాత, "మీరిద్దరే ఏంటి, నేనూ వస్తాను," అంది. పులిహోర పండగ వంటని, పెరుగన్నం తనే కలిపింది.

మాట్లాడుకున్న సుమో తెల్లారగానే వచ్చింది. డ్రైవరు యాభై దాటిన మనిషి. ఏం చెప్పినా ముందు "ఆయ్" అని, తరవాత ఆలోచించేవాడు. రావులపాలెం వంతెన, రాజమండ్రి, గోకవరం దాటాం. గోకవరం తరవాత రోడ్డు పక్కన కొండలు కనపడసాగాయి. అత్తయ్య ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని వాటిని అనుమానంగా చూసింది గానీ, పక్కన ఉన్నంతవరకు ఫర్వాలేదనుకున్నట్టుంది. అమ్మ ఇస్త్రీ నలగకుండా నిటారుగా కూర్చుంది.

మారేడుమిల్లిలో డ్రైవరు బండి ఆపి, కొట్లో కొబ్బరికాయ కొనుక్కొచ్చాడు.

"ఇక్కణ్ణించి ఘాట్ రోడ్డండి. ఎక్కేముందు అమ్మవారికి కాయ కొట్టాలండి."

అత్తయ్య నిమ్మకాయ దించింది. "ఎక్కడమేంటి?"

"కొండండి."

"అడివన్నారు!"

"ఆయ్. అడివి కొండమీదుందండి."

అత్తయ్య నా వైపు తిరిగింది. "ఏమే, నాకు అడివని చెప్పి కొండకి తీసుకొచ్చావా?"

"సినిమాలో కొండ కనపళ్ళేదత్తయ్యా. వాగే కనపడింది."

"వాగు ఆకాశంలోంచి వస్తుందా? చదువుకున్నావు కదా! అన్నవరం ఎంత కొండని? దానికే వెళ్ళకుండా కూర్చున్నాం. ఇది చూడు, పది అన్నవరాలుంది. మా తమ్ముడు పోయి ఏడాదన్నా తిరక్కుండా!"

"కొండెక్కకూడదంటే దేవుడున్న కొండ అని అత్తయ్యా."

"అని ఎవరన్నారు?"

అమ్మ కిటికీలోంచి కొండని ఒకసారి చూసి, ఒళ్ళోని చేతిసంచి సర్దుకుంది.

"పోనీలే. వెనక్కి పోదాం," అంది.

కోపంతో అని ఉంటే బాగుండేది. వాన వచ్చేలా ఉంది, బట్టలు తీసెయ్యి అన్నట్టు అంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఇక అమ్మ ఏదీ అడగదని నాకనిపించింది. "పంతులుగారిని అడుగుదాం. ఆయన వద్దంటే తిరిగిపోదాం," అని ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి వెళ్ళాను.

పంతులుగారు నిద్రలో ఉన్నారట. వాళ్ళావిడ లేపింది.

"కొండా? ఏ క్షేత్రమమ్మా?"

"మారేడుమిల్లండి."

"అక్కడ ఏ స్వామి?"

"స్వామి ఎవరూ లేరండి. సినిమాలు తీస్తారు."

"స్వామి లేని కొండకి ఎందుకమ్మా వెళ్ళడం?"

"చూడ్డానికండి."

"చూస్తే దోషం లేదు. దణ్ణాలు పెట్టకండి, కాయలు కొట్టకండి. ఇంతకీ ఏ సినిమా?"

పాట గురించి చెప్పాను. "ఆ, అది బాగుంటుంది," అన్నారు.

ఈ చివరి మాట తప్ప మిగతాదంతా వచ్చి అత్తయ్యకి అప్పజెప్పాను. పంతులుగారి మాట ఆవిడ కాదనలేదు. కానీ అంత తేలిగ్గా వదల్లేదు.

"దణ్ణం పెట్టకూడదన్నారుగా. దారిలో గుళ్ళున్నాయా బాబూ?"

"ఆయ్. గుళ్ళంటే గుళ్ళు కాదండి. నాలుగైదు మలుపులకోటి, రాయికి పసుపు రాసుంటాదండి. అమ్మవారేనండి."

"మరి ఈ కాయ?"

"నా కాయ నేను కొట్టుకుంటానండి. సూతకం మీకు గానీ బండికి లేదు కదండీ."

అత్తయ్యకి ఈ తర్కం నచ్చింది. ఆవిడే ఒక ఏర్పాటు చేసింది. గుడి రాబోయే ముందు డ్రైవరు హారన్ కొట్టాలి. మేం ముగ్గురం తల అవతలి వైపు తిప్పుకోవాలి. చూస్తే చెయ్యి దానంతటదే దణ్ణం పెట్టేస్తుందని ఆవిడ భయం. డ్రైవరు ఆయ్ అన్నాడు. కాయ కొట్టి, కొబ్బరిచెక్క డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని బండి కదిపాడు.

మొదటి హారన్ వినపడింది. ముగ్గురం తల తిప్పుకున్నాం. అమ్మవార్లు కొండవైపు ఉంటారు కాబట్టి మా తలలు లోయవైపు తిరిగాయి. కింద వెదురు పొదలు, వాటి కింద ఇంకా వెదురు పొదలు, అవతల కొండ వెనక కొండ. గుడి దాటిపోయిందని డ్రైవరు చెప్పాడు. నేనూ అత్తయ్యా తలలు యథాస్థానానికి తెచ్చుకున్నాం. అమ్మ తేలేదు.

ఘాట్ రోడ్డులో ప్రతి మలుపులోనూ హారన్ కొట్టాలన్న సంగతి మేమెవరం ఆలోచించలేదు. అత్తయ్య ప్రతిసారీ తల తిప్పింది. కాసేపటికి మెడ పట్టేసింది.

"ఇది గుడా, లారీనా?"

"లారీ అండి."

"ముందే చెప్పొద్దూ!"

"ఆయ్. ఇది గుడండి!"

"అయ్యయ్యో, చూసేశాను!"

"పసుపు రాయలేదండి ఇంకా. ఒట్టి రాయేనేమోనండి."

అమ్మకి ఈ గొడవ లేదు. ఆవిడ దారి పొడుగునా లోయవైపే చూస్తూ కూర్చుంది. ఆచారం ఇంత చక్కగా పాటించినందుకు అత్తయ్య ఆవిణ్ణి మెచ్చుకుంది కూడా.

వాగు దగ్గర జనం బాగానే ఉన్నారు. పాట వచ్చాక అందరికీ ఆ చోటు తెలిసిపోయింది. వెదురు బొంగుల్లో కోడిమాంసం కూరి కాల్చి అమ్మే ఒకాయన, ఒక చేత్తో నిప్పు ఎగదోస్తూ రెండో చేత్తో వచ్చినవాళ్ళందరికీ ఒక బండరాయి చూపిస్తున్నాడు.

"అదేనండి. హీరోయిన్ గారు కూర్చున్న రాయి అదేనండి."

రాయి ముందు వరస కట్టారు. కొత్త జంటలే ఎక్కువ. ఒక్కో జంట వెళ్ళి కూర్చోవడం, నీళ్ళు చిమ్మడం, ఫొటో దిగడం, లేవడం. అమ్మ గట్టున నిలబడి ఆ రాయిని చాలాసేపు చూసింది. ఇంత దూరం వచ్చి నిరాశ పడిందేమో అనుకున్నాను.

"ఇది కాదు," అంది అమ్మ.

బొంగుల ఆయన నవ్వాడు. "ఇదేనమ్మా."

"కాదు. ఆ రాయి వెనకాల రెండు చెట్లు పెనవేసుకుని ఉంటాయి. ఇక్కడ చెట్లేవి?"

"కొట్టేశారమ్మా."

"ఫారెస్టోళ్ళు చూస్తూ ఊరుకున్నారా?"

"కొట్టడమంటే... వరదకి కొట్టుకుపోయాయమ్మా."

"చెట్లు కొట్టుకుపోయిన వరదలో రాయి కదల్లేదా? నీళ్ళు ఆవిడ ఎడంచేతి వైపునించి వచ్చాయి. ఇక్కడ కుడివైపునించి వస్తున్నాయేం? వాగు కూడా తిరగబడిందా?"

వరసలో వాళ్ళంతా వింటున్నారు. బొంగుల ఆయన నిప్పు ఎగదోయడం మానేశాడు. "అమ్మా, నేను మొదట్నించీ ఇదే రాయి చూపిస్తున్నానండి."

"మొదట్నించీ తప్పే చూపిస్తున్నావు."

అప్పుడే రాయి మీంచి లేచిన కొత్త పెళ్ళికూతురు, "ఏవండీ, మనం వేరే రాయి మీద ఫొటో దిగామా?" అంది. అతను ఆమెనీ, రాయినీ, అమ్మనీ మార్చి మార్చి చూశాడు.

అమ్మ అప్పటికే చెప్పులు విడిచి నా చేతికిచ్చి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వాగులో దిగింది. ఎగువకి నడవసాగింది. ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదకి, అక్కణ్ణించి ఇంకాస్త పైకి.

అత్తయ్య గట్టు మీంచి అరిచింది. "ఎక్కడికే? ఎక్కుతున్నావు! బండి ఎక్కితే వేరు, కాళ్ళతో ఎక్కితే వేరు!"

"ఎక్కట్లేదు వదినా. వాగులో నడుస్తున్నాను."

"వాగు పైకి పోతోందే!"

"ఏ వాగైనా కిందికే వస్తుంది వదినా. పైకెక్కడ పోతుంది?"

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "పడితే ఎవరు సమాధానం చెప్తారు," అంటూ తనూ చెప్పులు విడిచి నీళ్ళలో దిగింది.

మలుపు తిరిగేసరికి అమ్మ ఒక వెడల్పాటి రాయి మీద కూర్చుని ఉంది. వెనక రెండు చెట్లున్నాయి, పెనవేసుకున్నాయని అనుకుంటే అనుకోవచ్చు. కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. అత్తయ్య తడిసిన చీర పిండుకుంటూ రాయి చుట్టూ పరిశీలనగా చూసింది.

"ఇదీ కాదు. దాని పక్కన గుబురుగా పొద ఉంటుంది."

"మీరెప్పుడు చూశారు వదినా? సూతకంలో సినిమా పాటలు చూడకూడదన్నారుగా?"

"కూర్చుని చూళ్ళేదు. అటూ ఇటూ నడుస్తున్నప్పుడు కనపడింది."

అమ్మ నవ్వింది. అత్తయ్య ఆ రాయి మీదే, కాస్త దూరంగా కూర్చుంది.

"వాడే ఉంటే, ఇదే రాయని ఈపాటికి ఒప్పేసుకునేవాడు. నీతో పడలేక," అంది.

అన్నాక ఆవిడ మొహం మారిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న పోయాక అత్తయ్య ఏడవడం చూడటం అదే మొదలు. అమ్మ పక్కకి జరిగి, అత్తయ్య వీపు మీద చెయ్యి వేసింది. తనూ ఏడ్చింది. నేను మూడు జతల చెప్పులు పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాను.

కాసేపయ్యాక అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఒకసారి చుట్టూ చూసింది.

"అయినా ఇది మాత్రం ఆ రాయి కాదు," అంది.

అమ్మ ఆవిడ వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, పాట మొదట్నించి చెప్పడం మొదలుపెట్టింది.