కోటమ్మ ఇచ్చిన చెంబుడు నీళ్ళు

మా నాన్న ఎడమ మడమ మీద వేలెడంత మచ్చ ఉండేది. రంగూన్ బియ్యం మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసినా, తను పుట్టిన పల్నాడు మాట వస్తే చాలు, ఆయన చెయ్యి ఆ మచ్చ మీదికి పోయేది. అది నారికురుపు మచ్చ. ఆ రోగం తాగే నీళ్ళతో ఒంట్లో చేరి, ఏడాదికి దారంలాంటి పురుగై పాదంలోంచి బయటికొస్తుంది. ఆ కాలుతో దిగుడుబావిలో దిగితే పురుగు పిల్లలు చేరి మళ్ళీ నీళ్ళన్నీ పాడవుతాయి. యుద్ధం ముగిసి ఓడలు తిరగగానే, నర్సు పని నేర్చిన నేను ఏడాదిపాటు ఆ వైపు పల్లెలో సేవ చేయడానికి బయల్దేరాను. బావిలోకి ఎవరూ దిగకుండా గిలక పెట్టించాలి. నా పనల్లా అదే.

ఓడలో నాలుగు రోజులు కక్కుకుంటూ కాకినాడ చేరాను. అక్కణ్ణుంచి గుంటూరు దాకా పడ్డ పాట్లు చెప్పే ఓపిక ఇప్పటికీ లేదు. గుంటూరులో పొద్దున ఆరింటికి మాచర్ల రైలు ఎక్కితే నరసరావుపేటలో ఇడ్లీ దొరుకుతుంది. తినండి, ఆ తర్వాత నాకైతే ఏమీ దొరకలేదు. మాచర్లలో దిగేసరికి ఒంటిగంట. దుర్గి దాటి నేను పనిచేయాల్సిన ఊరికి ఎద్దుబండి రెండు రూపాయలు.

"అందరూ బతకటానికి రంగూను పోతుంటే, నువ్వు ఇటొచ్చావేందమ్మా?" అన్నాడు బండి తోలే మస్తాన్.

"బావి బాగుచెయ్యడానికి."

"దానికేమైంది? నీళ్ళున్నయ్‌గా ఇంకా!"

ఎర్రదుమ్ము, ఎండ, రాళ్ళదారి. ఎందుకొచ్చానురా దేవుడా అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో.

పొద్దుగూకే వేళకు ఊరు చేరాం. నేను ఉండడానికి తన వసారా ఇచ్చిన కోటమ్మ, నారికురుపు లేచిన పాదానికి గుడ్డ కట్టుకుని కుంటుకుంటూ చెంబుతో ఎదురొచ్చింది.

"కాళ్ళు కడుక్కో అమ్మాయ్."

కుంటికాలుతో మోసుకొచ్చిన నీళ్ళు నా మీద ఖర్చుపెట్టడమెందుకని, "వద్దు పిన్నీ, నేనే బావి దగ్గర కడుక్కుంటాను" అని వెళ్ళిపోయాను. మెట్లు దిగి చీలమండల దాకా కాళ్ళు నీళ్ళలో పెట్టాను. వారం రోజుల అలసట దిగిపోతున్నట్టు ఎంత హాయి! తల ఎత్తితే పైన బిందెలతో నలుగురు ఆడవాళ్ళు నన్నే చూస్తున్నారు. నేను ఏ పనిమీద వచ్చానో అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున బావి దగ్గర ఊరిపెద్ద ముందు గిలక సంగతి ఎత్తాను. ఒకావిడ అడ్డుతగిలింది. "నిన్న నువ్వే దిగావు గదమ్మా. నీ కాళ్ళేమన్నా వేరేనా?"

"తర్వాత చూద్దాంలే," అన్నాడు పెద్దాయన. అందరూ వెళ్ళిపోయారు. సిగ్గుతో ఏడుపొచ్చింది. మస్తాన్ బండి మళ్ళీ ఎప్పుడొస్తుందా అనుకుంటూ ఇంటికొచ్చాను.

"తప్పు చేశాను పిన్నీ, బావిలో దిగాను."

"దిగితే ఏందంట? మేమంతా దిగుతాంగా," అంది కోటమ్మ. "కాళ్ళకి నీళ్ళిస్తే వద్దన్నావు. ఇంటికొచ్చిన మనిషి ఆ నీళ్ళు వద్దంటే ఈ గడప తొక్కనన్నట్టే. చానా కష్టమనిపించింది. ఊరంతా చూశారు."

నేను పెట్టె ఎత్తుకుని వీధిలోకి నడిచాను. వీధి చివరిదాకా వెళ్ళి, అప్పుడే బండి దిగినదానిలా తిరిగొచ్చి గడప ముందు నిలబడ్డాను. అరుగుల మీదివాళ్ళు నవ్వారు. కోటమ్మ నవ్వలేదు. లోపలికెళ్ళి చెంబు తెచ్చి నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. చెంబులో మిగిలిన నీళ్ళు కాచి చల్లార్చి, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, ఆ పాదం కడిగి కట్టు కట్టాను.

ఆమె ఎదురరుగు మీద కూర్చున్న ఊరిపెద్ద వైపు చూసి కేకేసింది: "ఏం బావా, గిలక ఎప్పుడు బిగిస్తావు? ఈ కాలుతో నేనిక బావిలో దిగను."

గిలక బిగించడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ కొందరు మెట్లు దిగుతూనే ఉంటారు, నేను పొద్దున్నే వెళ్ళి బతిమాలుతూనే ఉంటాను. రోజూ అలసిపోతాను. ఇటు రావాలనుకునేవారికి ఒక్క మాట: ఎంత దూరం నుంచి వచ్చినా, ఎంత మొహమాటమైనా, గుమ్మంలో ఇచ్చిన చెంబుడు నీళ్ళు వద్దనకండి. మీరు వాళ్ళకేదైనా ఇవ్వాలంటే, ముందు వాళ్ళిచ్చేది పుచ్చుకోవాలి.