రాజవ్వ తట్టి చూసిన కొమ్మ

ఈ ఉదయం పక్కింటివాళ్ళు వేపకొమ్మలు కొట్టిస్తున్నారు. పచ్చి వేపకర్ర తెగినప్పుడు వచ్చే చేదువాసన కిటికీలోంచి నా గదిలోకి వచ్చింది. చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. ఆ వాసన తగిలితే నాకు రాజవ్వ గుర్తుకొస్తుంది. నా కుడిభుజం కూడా బరువెక్కుతుంది, దెబ్బ తగిలింది నాకు కాకపోయినా.

అప్పట్లో నేనూ మా బాపూ నాంపల్లి స్టేషను వెనక ఒక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. అమ్మ అంతకు చాలా ముందే పోయింది. బాపు ఒక దఫ్తరులో గుమాస్తాగా పనిచేస్తూ పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. నేను ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో పంతులమ్మని. పొద్దున్నే బాపుకు ఒళ్ళు తుడిచి, వండి, తినిపించి, నడిచి బడికి పోయేదాన్ని. సాయంత్రం నడిచి వచ్చి మళ్ళీ అదే పని. ఆ సంవత్సరాల గురించి ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది నిద్ర చాలకపోవడమే.

రాజవ్వ మా పక్కవాటాలో ఒంటరిగా ఉండేది. భర్తతో కలిసి ఒక జాగీర్దారు దేవిడీలో, అంత పెద్ద బంగళాలో, ముప్పై ఏళ్ళు తోటపని చేసిందట. జాగీర్లు పోయాక ఆ తోటను చూసే దిక్కు లేకపోయింది, ఆ తర్వాత భర్తా పోయాడు. ఇప్పుడు పూలమాలలు కట్టి సాయంత్రాలు ఆబిడ్స్ దారిలో అమ్ముకునేది. పగలు నేను లేనప్పుడు బాపుకు మంచినీళ్ళు అందించేది ఆమే.

ఒక ఎండాకాలం మొదట్లో నేను మా వాకిట్లో మామిడికొమ్మ మీదికి గొడ్డలి ఎత్తబోతుంటే ఆమె గోడ దగ్గరికి వచ్చింది.

"ఎందుకు కొట్టుడు?"

"ఆకులు ఊడ్వలేక సస్తున్న, రాజవ్వా."

"ఊడ్వలేకుంటే ఒక దినం ఊడ్వకు. దానికేం రోగం లేదు. వెలుతురు కోసం గిట్ల వంగింది, గంతే." లోపలికి వచ్చి నా చేతిలో గొడ్డలి తీసుకుని, నన్ను వేపచెట్టు కిందికి తీసుకుపోయింది. "కొట్టవలసింది గిది. ఉగాది దాటింది, చెట్టంత చిగురేసింది. గా కొమ్మ సగం ఎందుకు ఏయలే?"

ఆ పెద్ద కొమ్మ బాపు గది పెంకుల మీదుగా పాకి ఉంది. రాజవ్వ నిచ్చెన వేసుకుని చకచకా ఎక్కి, ఒక రెమ్మను గోటితో గీకింది. "గీకితే లోపల పచ్చగుండాలె. సూడు, బెల్లం రంగున్నది. సచ్చింది."

బాపుతో చెప్పాను. మాట ముద్దగా వచ్చేది కానీ ఆరోజు స్పష్టంగానే అన్నాడు: "గా కొమ్మ తీస్తే నాకు కిటికీల గోడే కనబడ్తది. ఉండనియ్యి."

వానాకాలంలో ఆ కొమ్మ మొదట్లో తెల్లటి పుట్టగొడుగులు లేచాయి. రాజవ్వ కొడవలి పిడితో చెట్టును తట్టి నన్ను వినమంది. మాను మీద గట్టిగా పలికిన చప్పుడు కొమ్మ మొదట్లో డొల్లగా పలికింది.

"లోపల కుళ్ళింది. అయ్య మంచం సక్కగ దీని కిందనే ఉన్నది బిడ్డా."

"బాపు ఒప్పుకుంటలేడు. వచ్చే ఐతారం చూద్దాం."

నిజం చెప్పాలంటే, నేను ఒక గంట పక్కన కూర్చుని నచ్చజెబితే బాపు ఒప్పుకునేవాడు. ఆ గంటకు నాలో ఓపిక లేదు. కనీసం మంచాన్ని అవతలి గోడకు జరపవచ్చు, అదీ చేయలేదు. ఆదివారం వస్తే వారం బట్టలన్నీ ఉతికి ఎక్కడ కూలబడితే అక్కడే నిద్రపోయేదాన్ని. రాజవ్వ మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెప్పలేదు. మళ్ళీ ఎండలు ముదిరాక, మధ్యాహ్నాలు పూలగంప తెచ్చుకుని మా వసారాలో కూర్చుని మాలలు కట్టడం మొదలుపెట్టింది. నీడ కోసమనుకున్నాను.

బడికి సెలవులిచ్చే ముందు వారం, మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. గాలి తగ్గాక నేను ఇంటికి వచ్చేసరికి బాపు గది పైకప్పు సగం లేదు. వేపకొమ్మ పెంకులను విరుచుకుని గదిలో పడి ఉంది. మంచం వసారాలో ఉంది, దాని మీద బాపు వణుకుతూ ఉన్నాడు.

"చెట్టు మూల్గింది," అన్నాడు. "రాజవ్వ ఉరికొచ్చి మంచం బయటికి గుంజింది. ఆమె మీద వాసం పడ్డది."

ఇరుగుపొరుగువాళ్ళు ఆమెను అప్పటికే దవాఖానకు తీసుకుపోయారు. విరిగిన భుజం ఎముక అతికింది కానీ, కుడిచెయ్యి ఆ తర్వాత భుజం దాటి పైకి లేవలేదు. మళ్ళీ ఆమె నిచ్చెన ఎక్కలేదు.

కట్టు విప్పిన కొన్నాళ్ళకు, చీలికలై మిగిలిన మొండిని కోయాలని ఆమే చెప్పింది. నన్ను నిచ్చెన ఎక్కించి, తాను కింద కుర్చీలో కూర్చుంది. "ముందు కిందినుంచి జర కొయ్యి, లేకుంటే తొక్క చీరుకపోతది. ఇగ పైనుంచి. మొదట్ల ఉబ్బున్నది గద, దాన్ని ముట్టకు. గాయం మానేది గాడ్నుంచే."

రంపం ఆపి, కిందికి చూడకుండానే అడిగాను. "నువ్వు చెప్పినప్పుడే కొట్టిస్తే నీ చెయ్యి మంచిగుండు గద, రాజవ్వా?"

అంతా రాత అంటుందనుకున్నాను. అలా అంటే బాగుండునని ఎదురుచూశాను.

"ఔ, మంచిగుండు," అంది. ఒళ్ళో పడ్డ రంపపు పొట్టును ఎడంచేత్తో దులుపుకుని మళ్ళీ అంది: "నువ్వు అలిసిపోయుంటివి. నాకెరుకే. చెట్టుకు ఎరుక కాదు గద, బిడ్డా."

కోపం లేదు ఆ గొంతులో. ఓదార్పూ లేదు. నేను మళ్ళీ రంపం పట్టుకున్నాను.

రెండేళ్ళకు బాపు పోయాడు, ఆ కిటికీ పక్కనే, నిద్రలో. నేను కాచిగూడకు మారాను. రాజవ్వను నాతో రమ్మంటే, చెల్లెలి బిడ్డ దగ్గరికి పోతానంది. ఆమె ఊరికి రెండుసార్లు వెళ్ళి చూసివచ్చాను. మూడోసారి వెళ్ళేసరికి లేదు.

తర్వాత ఎన్ని ఇళ్ళు మారినా, ఉగాది దాటాక ఒక పొద్దున వాకిట్లో చెట్ల చుట్టూ తిరుగుతాను. చిగురేయని రెమ్మను గోటితో గీకుతాను, కొమ్మల పంగల్లో నీళ్ళు నిలిచాయేమో, పగులుందేమో చూస్తాను, మొదళ్ళు తట్టి వింటాను. చూసేవాళ్ళు నాకు చెట్లంటే ఇష్టమనుకుంటారు. అంత ఇష్టమేమీ లేదు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, కొన్ని రోజులు మంచం దిగడమే పెద్దపని. అలాంటి రోజున, రేపు చూద్దాంలే అని మనసులో అనుకోగానే, చెప్పులేసుకుని వాకిట్లోకి దిగుతాను.