ఆకుపచ్చ పశువులపాక

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వైపు వస్తున్న రోజులు. నేను తల్లాడ దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేవాణ్ణి. కాంతి పాఠం చెప్పడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. అందుకే మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి లైటింగ్ ఎవరు చూస్తారని పాస్టరుగారు అడగ్గానే, ఇంకెవరూ నోరు తెరవకముందే చెయ్యెత్తాను.

లైట్ల కోసం ఖమ్మం వెళ్లాను. కిరాయికిచ్చే దుకాణంలో ఓ పెద్దాయన, స్టేజీ ఎంత వెడల్పు, వేషాల బట్టలు ఏ రంగు అని అడిగాడు. బట్టల సంగతి దర్జీకి కావాలి గాని మనకెందుకని నవ్వాను. ఆయన వెలుగు వెడల్పుగా పరిచే లైట్లు రెండు, వాటి ముందు తగిలించే లేత పసుపు జెల్ కాగితం తీసి పెట్టాడు. అంత వెలిసిపోయిన రంగు తేవడానికి నేనే రావాలా అనిపించింది. సన్నటి వెలుగు విసిరే ఫోకస్ లైట్లు నాలుగు, అడవి కళ రావాలని ముదురు ఆకుపచ్చ కాగితం ఎంచుకున్నాను. పైగా కాంతి తరంగాల గురించి ఆయనకు పది నిమిషాలు చెప్పాను. ఆయన ఓపికగా విని కాగితాలు చుట్టి ఇచ్చాడు.

రిహార్సళ్లు పగటిపూటే జరిగాయి. లైట్లు వేసి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

పండుగ సాయంత్రం తెర లేచింది. మరియమ్మ వేషం మా ఊరి దవాఖానా నర్సుది. ఎర్ర పట్టుచీర కట్టుకుని పశువులపాకలో కూర్చుంది. స్విచ్ వేశాను. చీర నల్లబడింది. ఆమె ముఖం, ఒళ్లోని బొమ్మ పచ్చబడ్డాయి. ఆ సన్నటి వెలుగులో యోసేపుకు మోకాళ్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఎర్రటి వస్తువు ఆకుపచ్చ కాంతిలో నల్లగా కనబడుతుందని ఏడేళ్లుగా బోర్డు మీద రాస్తున్నవాణ్ణి నేనే. ముందు వరుసలోని పదో తరగతి పిల్లలు నావైపు తిరిగి చూశారు.

నర్సు బొమ్మను చూసి, తెర పక్కనున్న నాతో మెల్లగా అంది: "సారూ, పిల్లగాడు గిట్లుంటే ముందు దవాఖానకు తీస్కపోవాలె. జల్దీ ఆ కాగితం తియ్యిండ్రి."

నెత్తి మీద మైకు వేలాడుతున్న సంగతి ఆమె మరిచిపోయింది. చర్చి మొత్తం విన్నది.

స్టూలెక్కి, వేళ్లు కాలుతున్నా కాగితాలు పీకేశాను. తెల్లటి వెలుగులో నాటకం హాయిగా సాగింది. అయిపోయాక నర్సే నా వేళ్లకు మందు రాసింది.

లైట్లు తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు పెద్దాయనకు జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన నవ్వలేదు. "చదివినోళ్లంతా ముందు ముదురు రంగే అడుగుతరు సార్," అన్నాడు. ఒక లైటు వెలిగించి, దాని ముందు ఒక్కో కాగితం పెడుతూ, నా చెయ్యి ఏ రంగులో మనిషి చెయ్యిలా ఉంటుందో చూపించాడు. ఏ బట్టలకు ఏ కాగితమో నేను చీటీ మీద రాసుకున్నాను.

మరుసటి ఏడు ఆయన చెప్పిన లైట్లే, చెప్పిన లేత రంగే పెట్టాను. నాటకం తర్వాత అందరూ పాటల్ని మెచ్చుకున్నారు, నర్సు నటనను మెచ్చుకున్నారు, చివరికి పులిహోరను కూడా. లైట్ల ఊసెత్తినవారు లేరు. ఇంటికొచ్చాక ఆగలేక, లైటింగ్ ఎలా ఉందని నా భార్యను అడిగాను.

"లైట్లా? నేను చూడలే. అందరు మంచిగ కనవడ్డరు గద," అంది.

అది మెచ్చుకోలని అర్థం కావడానికి నాకు తెల్లారేదాకా పట్టింది.