ఎక్కువైన ఆయిల్ తీసిపెట్టిన మేస్త్రి

సూరత్‌లో, ఉధ్నా మగ్గాల మీద ఉన్న మనవాళ్లు బాగున్నారా? నవాగామ్ కిరాయి ఇళ్లల్లో ఉన్నవాళ్లకు జ్వరాలు తగ్గాయా? హజీరా కంపెనీ బస్సులెక్కే పిల్లలు మాస్కు తీయకుండా పోయి వస్తున్నారా? ఊళ్లో ముసలివాళ్లు వేళకు తింటున్నారా? ఇలా ఒక్కొక్కరినీ అడగందే నా మనసు ఊరుకోవడం లేదు. నవాగామ్‌లో కార్లు బాగుచేసే మేస్త్రి, నా తమ్ముడు, కరోనాతో పోయాడు. ఇరవై రోజులైంది.

తోడబుట్టినవాడు కాడు. మా జిల్లావాడు, నన్ను అక్కా అన్నాడు, అంతే.

నా కొడుకు పాత కారు కిరాయికి నడుపుతాడు. ఆ కారే మా అన్నం. ఎండాకాలం వస్తే దారిలో ఇంజన్ కాలిపోతుందేమోనని నాకు ఒకటే గుబులు. మేస్త్రి ఆయిల్ డబ్బా నా ముందు పెట్టి, చదువురాని నాకు అంకెలు చూపించేవాడు.

"గీ ముందటి అంకె చలికి, ఎన్కది ఎండకు. మన సూరత్‌ల చలి ఎన్నొద్దులుంటది అక్కా? ఎన్కది చూడు."

"అయితే అన్నిట్ల పెద్ద అంకెదే పొయ్యి తమ్మీ."

"మందంగుంటే మంచిదని గోందు జిగురు పోస్తమా? బండి పుస్తకంల ఏ అంకెలున్నయో అవే పొయ్యాలె. ఇంజన్‌కు ఆయిల్ దొరుకుతది గని, నీ బుగులుకు ఏ ఆయిల్ పొయ్యాలె?"

మూత తిప్పే ముందు దాని చుట్టూ దుమ్ము గుడ్డతో తుడిచేవాడు. పోశాక ఆయిల్ కొలిచే పుల్ల లాగి, రెండు గీతల మధ్య ఆయిల్ ఆగిందని నాకు చూపించేదాకా వెళ్లేవాడు కాడు. ఇన్ని ఎండాకాలాలు మా బండి దారిలో ఆగలేదంటే ఆ చేతి చలవే.

ఈ ఎండాకాలం కరోనా రెండోసారి వచ్చింది. మగ్గాల మీద పనిచేసే మా ఆయనకు రెండు రోజులుగా దగ్గు. మగ్గాల దుమ్ము అనుకున్నాం. అదే అయి ఉండాలని మొక్కుకున్నాను కూడా. ఆ పొద్దున కొడుకు హజీరా కిరాయికి పోతానంటే, ఎండకు భయపడి, డబ్బాలో మిగిలిన ఆయిలంతా ఇంజన్‌లో పోసేశాను. మగ్గానికి నూనె ఎక్కువైతే కిందికి కారిపోతుంది, నష్టం లేదు. కారుకూ అంతే అనుకున్నాను.

కొడుకు తల పట్టుకున్నాడు. "ఏందమ్మా గిది? గిట్ల నడిపితే ఇంజన్ ఖరాబైతది!"

ఫోన్ చేస్తే మేస్త్రి వచ్చాడు. ఇల్లు కదలొద్దని అందరికీ చెప్పిన మనిషే వచ్చాడు.

"ఇది మగ్గం కాదక్కా. ఎక్కువైతే నురుగు లేస్తది" అంటూ కారు కిందికి దూరి, ఎక్కువైనది తీసి, పుల్ల చూపించాడు. అప్పుడే లోపల మా ఆయన దగ్గాడు. నేను ఏమీ చెప్పలేదు. చెప్తే మేస్త్రి మళ్లీ మా గడప తొక్కడని భయం. అతను మాస్కు కిందికి లాగి, నేనిచ్చిన నీళ్లు తాగి పోయాడు.

మూడు రోజులకు మా ఆయనకు కరోనా అని తేలింది. వారానికి మేస్త్రిని ఆసుపత్రిలో చేర్చారు. మా ఆయన లేచి కూర్చున్నాడు. మేస్త్రి ఇంటికి రాలేదు.

మా ఇంట్లోనే అంటిందా? అన్నం ముందు కూర్చున్నా అదే మాట. మొన్న మేస్త్రి భార్యకు, అంటే మా మరదలికి, ఫోన్ చేసి దగ్గు సంగతి చెప్పేశాను.

"ఆయనకు ఎరుకే వదినా" అంది ఆమె. "ఇంటికొచ్చి చెప్పిండు. బావ దగ్గుతుండు, అడిగితే అక్క ఇంకింత బుగులువడతదని అడుగలే అన్నడు."

నేను ఏడ్చాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

"మీ ఇంటికొచ్చిన దినం తొడుక్కున్న అంగీ దండెం మీదనే ఉన్నది. ఒక్కదాన్ని ముట్టలేకపోతున్న. నువ్వు రా, ఇద్దరం ఉతికి పిండుదాం."

ఆ బట్టల్లో రోగం ఇంకా ఉంటుందేమోనని నాకు భయం. ఆమె మొహం చూడటం అంతకంటే భయం. అయినా వస్తానన్నాను. వచ్చే గురువారం పొద్దున, నల్లా నీళ్లు వచ్చే వేళకు రమ్మంది.